కట్టిన నీళ్ళ పక్కన దొడ్డమ్మ

దొడ్డమ్మ పోయింది. దోసెల పెనం మీద ఉల్లిపాయ చెక్క రుద్దుతూ, ఆమె చెల్లెలి కొడుకు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. "అక్కా, దొడ్డమ్మ పొద్దున్నే కాఫీ తాగి మంచం మీద ఒరిగిందండి. మళ్ళీ లేవలేదండి. గుండె ఆగిపోయిందన్నారండి డాక్టరుగారు." అంతే. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు, ఒక కోడి అదేపనిగా అరుస్తోంది. పొయ్యి ఆపేసి అక్కడే నిలబడిపోయాను. నిజం చెప్పాలంటే ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. బడి నుంచి వచ్చాక మా అమ్మాయికి ఈ మాట ఎలా చెప్పాలన్న భయం.

ఆమె నాకు చుట్టం కాదు. నేను కాలవ పక్క ఊరిదాన్ని, ఆమె గోదావరి మధ్య లంకలో పుట్టిన మనిషి. అక్కడే ఉండి ఉంటే ఒకరి మొహం ఒకరు చూసేవాళ్ళం కాదు. ఎమిరేట్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఈ ఖోర్ ఫక్కాన్ ఊరు మమ్మల్ని కలిపింది. మా ఆయన ఇక్కడ పోర్టులో టాలీ క్లర్కు, దిగే పెట్టెలనీ ఎక్కే పెట్టెలనీ సరిచూసుకునే ఉద్యోగం. దొడ్డమ్మ ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషి. నాకు పెళ్ళి కాకముందే ఆమె ఇక్కడికి వచ్చేసింది. ఊళ్ళోవాళ్ళంతా 'దుబాయ్ వెళ్ళింది' అనేవారు గానీ, విమానం ఎక్కినప్పుడూ దిగినప్పుడూ తప్ప ఆమె దుబాయ్ మొహం చూసింది లేదు. చెల్లెలి పిల్లలు దొడ్డమ్మా అని పిలుస్తారని తనే చెప్పింది, నేనూ అలాగే పిలిచాను. నన్ను చూసి మా అమ్మాయి చిన్నీ కూడా దొడ్డమ్మా అనేసింది. వరస తప్పే. మా ఆయన సరిచేయబోతే, "పోనీండి అల్లుడుగారూ, పిల్ల నోటికి తిరిగిందే వరస" అని ఆమే కొట్టిపారేసింది.

మొదటిసారి ఆమెను చూడకముందే ఆమె గొంతు విన్నాను. కరోనా కాస్త సద్దుమణిగి, జనాన్ని మళ్ళీ బయట తిరగనిస్తున్న రోజులు. ఇక్కడ ఊరి వెనక కొండల మధ్య ఒక డ్యామ్ ఉంది. గడ్డిపరక మొలవని గోధుమరంగు కొండలు, వాటి నడుమ ఆకుపచ్చగా నీళ్ళు. ఎప్పుడో కురిసిన వానని పట్టి ఆపిన చోటు. మేం ఇంట్లో తాగేది ఉప్పు తీసిన సముద్రపు నీరే. ఈ డ్యామ్ నీళ్ళు భూమిలోకి ఇంకి, కింద ఖర్జూరం తోటల బావుల్లో ఊరతాయి. జనం వచ్చేది మాత్రం అందుకు కాదు. బాతులు, తొక్కుడు పడవలు, రెయిలింగు వెంట నడవడానికి దారి, కరక్ చాయ్ కొట్టు. అబుదాబి పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉండే మా ఆడపడుచు వాళ్ళు అంత దూరం నుంచి కారేసుకుని వచ్చేది మమ్మల్ని చూడటానికి అంటారు. రాగానే అడిగేది డ్యామ్ ఎప్పుడు వెళ్దామని.

ఆ రోజు చిన్నీకి పడవ టికెట్టు కోసం వరసలో నిలబడితే, వెనకనుంచి తెలుగు తిట్లు. "ఒసే సిగ్గులేని మొకమా, ఇందాకే గదే నీకెట్టాను! పక్కదాన్ని తిననియ్యవా?" తిరిగి చూస్తే, ఒక పెద్దావిడ నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని బాతుతో దెబ్బలాడుతోంది. పక్కన అరబ్బు పిల్లలు ముగ్గురు రొట్టె ముక్కలు పట్టుకుని, ఆ భాష తమకీ వచ్చన్నట్టు పకపకా నవ్వుతున్నారు. నేను కూడా నవ్వాను. ఆమె తలెత్తి, "తెలుగోళ్ళా అండీ?" అంది. ఎడారిలో ఆ 'అండీ' వినేసరికి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకేముంది, ఆ శుక్రవారం మొదలు ఆమె సెలవు రోజులన్నీ మా ఇంట్లోనే.

నీళ్ళంటే ఆమెకి ఉన్న మర్యాద మనుషులంటే ఉండేది కాదు. కుళాయి తిప్పితే మొదటి దోసిలి కళ్ళకద్దుకునేది. ఎవరైనా సీసాలో సగం నీళ్ళు వదిలేసి లేస్తే, ఆ సీసా పట్టుకుని వాళ్ళ వెనకాలే వెళ్ళి తాగించేది. డ్యామ్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ చెప్పులు విప్పి, మెట్టు మీద కూర్చుని పాదాలు తడుపుకునేది. "పుట్టిన నీళ్ళు కావమ్మాయ్ ఇయ్యి, కట్టిన నీళ్ళు. కట్టేసిన గేదెల్లాగ ఎటూ పోలేక నిలబడ్డాయి పాపం. ఎవరో ఒకళ్ళు పలకరించాలి గదా" అనేది. ఆమె పలకరింపులో సగం తిట్లే ఉండేవనుకోండి.

భయం అన్నది ఆమె ఒంట్లో లేదు. మాకు మాత్రం ఉండేదా? గోదావరి వాళ్ళం. ఇక్కడ నాలుగు చినుకులు పడితే ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యోమని మోగేవి, వాదీల దగ్గరికి పోవద్దని. వాదీ అంటే కొండల మధ్య ఎండిన ఏరు. వాన పడితే పారుతుంది, లేకపోతే రాళ్ళ దారి. ఆ మోత విని మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. వరదల్లో పుట్టి వరదల్లో పెరిగినవాళ్ళకి వీళ్ళు చెప్పేదేమిటని. ఆమె పనిచేసే ఇంట్లో ముసలావిడ ఒకామె ఉండేది, అందరూ పెద్ద మామా అనేవారు, అంటే పెద్ద అమ్మగారు. ఆ పెద్ద మామా దొడ్డమ్మకి ఎన్నోసార్లు చెప్పిందట, వాదీ వస్తే వెనక్కి చూడకు, పైకెక్కు అని. "ఎడారోళ్ళు గదమ్మాయ్, అలవాటు లేదు. జానెడు నీళ్ళకే జడుసుకుంటారు" అని దొడ్డమ్మ జాలిపడింది.

ఒక ఈద్ సెలవుల్లో దుబాయ్‌లో కూలీలుండే సోనాపూర్ క్యాంపు నుంచి బస్సులో కుర్రాళ్ళు వచ్చారు డ్యామ్ చూడ్డానికి. తెలంగాణ వాళ్ళు. దొడ్డమ్మ అందరికీ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పంచింది. అందరూ ఫొటోలు దిగుతుంటే ఒకతను మాత్రం రెయిలింగుకి దూరంగా నిలబడ్డాడు. ఏం బాబూ అని అడిగితే, "నీళ్ళు మంచిగనే ఉన్నయ్ పెద్దమ్మా, నాకే గుబులైతది. మా ఊరు గిట్లనే డ్యాముల మునిగింది. మీదికెల్లి సూస్తె మా ఇల్లు యాడుండెనో గూడ తెలుస్తలేదు" అన్నాడు. దొడ్డమ్మ అతని దోసిట్లో ఇంకో గుప్పెడు కాయలు పోసింది. వాళ్ళ బస్సు వెళ్ళాక నాతో, "నీళ్ళని నమ్మనోడు ఎలా బతుకుతాడే" అంది. నాకు ఆ మాట నచ్చింది కూడా.

ఆ తర్వాతి వేసవిలో వచ్చింది ఆ వాన. ఇక్కడ మండే ఎండల్లో వాన ఏమిటని అందరూ ఆశ్చర్యపోయారు. అదే నెలలో అక్కడ గోదావరికి పెద్ద వరద. దొడ్డమ్మ ఫోన్ నిండా మునిగిన లంకల వీడియోలే. వాళ్ళ చెల్లెలి ఇంట్లోకి నీళ్ళొచ్చాయి, మంచం మీద మంచం వేసుకుని కూర్చున్నారు. ఆ మర్నాటికి ఫోన్ కూడా కలవలేదు. దొడ్డమ్మ మా ఇంటికొచ్చి సోఫా మీద కాదు, నేల మీద కూర్చుంది. ఆమె గొంతులో వణుకు వినడం నాకదే మొదలు.

"అమ్మాయ్, కొత్త నీరొచ్చినప్పుడు మా లంకలో పసుపూ కుంకం ఇవ్వకుండా ఉండరే. ఈ ఏడు ఎవరిచ్చేరో ఇవ్వలేదో. ఇక్కడ వాదీ పారతందంట, పెద్ద మామా చెప్పింది. మనం ఇక్కడిద్దాం."

"ఇక్కడిస్తే అక్కడికెలా చేరుతుంది దొడ్డమ్మా?"

"గంగమ్మ ఒకత్తే గదే. ఇక్కడ చెప్తే అక్కడ ఇంటాది."

కాదనడానికి నాకు నోరు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. చెల్లెలు బతికుందో లేదో తెలియక కూర్చున్న మనిషి ఆమె. మలయాళీ కొట్లో తమలపాకులు కొన్నాం. మా ఇంట్లో పసుపు, కుంకుమ, కొత్త రవికెల గుడ్డ. చిన్నీ కూడా రావాలంది. కన్నెపిల్ల చేత్తో ఇస్తే గంగమ్మ కాదనదట. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. టాక్సీ మాట్లాడుకుని వెళ్ళాం.

డ్యామ్ గేటు మూసేశారు. మూసినవాళ్ళకి బుద్ధి ఉంది, మాకు లేకపోయింది. పక్కనుంచి తోటల దారి పట్టుకుని, చెరువు తోక దాటి, వాదీ వచ్చి కలిసే చోటికి పోయాం. నిలవ నీటికి ఇవ్వకూడదు, పారే నీటికే ఇవ్వాలని దొడ్డమ్మ పట్టు. అక్కడ మా నెత్తిన ఆకాశం నీలంగా, తేటగా ఉంది. లోపలి కొండల మీద మాత్రం నల్లగా ఉంది. కింద వెడల్పాటి రాళ్ళ దారి, మధ్యలో చీలమండ లోతున ఎర్రటి నీళ్ళు.

"ఎర్రనీరే! చూత్తన్నావా అమ్మాయ్, అచ్చం మన నీరే!" అంది దొడ్డమ్మ. పుట్టింటివాళ్ళు కనబడ్డట్టు నవ్వింది.

నేను గట్టు మీద చెప్పులకీ సంచికీ కాపలాగా ఉండిపోయాను. ఆమె చిన్నీ చెయ్యి పట్టుకుని దిగి, నీళ్ళ పాయలో అవతలి అంచు దాకా నడిచింది. గోదావరిలో వరద అంటే మాకు తెలిసింది ఒక్కటే. ఎగువన భద్రాచలంలో పెరిగితే మాకు మర్నాటికి వస్తుంది. రేడియోలో చెబుతారు, గేదెల్ని గట్టెక్కిస్తారు, ధాన్యం అటకెక్కిస్తారు, ఆ తర్వాత మెట్టు మెట్టుగా పెరుగుతుంది. చీలమండ లోతు నీళ్ళంటే ఇంకా బోలెడు వ్యవధి ఉందన్నమాట. ఆ లెక్కనే ఆమె దిగింది, ఆ లెక్కనే నేను దిగనిచ్చాను. పెద్ద మామా అయితే ఒప్పుకునేదా?

చిన్నీ తమలపాకు నీళ్ళలో వదిలింది. అది కాస్త దూరం పోయి ఒక రాయికి తగులుకుని గిరగిరా తిరుగుతోంది. అప్పుడు లారీ ఏదో వస్తున్నట్టు చప్పుడు. రోడ్డు వైపు చూశాను, ఏ లారీ లేదు. తోటలో పనిచేసే బెంగాలీ మనిషి ఒకడు గట్టు వెంట పరుగెత్తుకొస్తూ అరిచాడు. "భాగో! వాదీ ఆ రహా హై! భాగో!" నేను చిన్నీ అని కేక పెట్టాను. దొడ్డమ్మ కాళ్ళ దగ్గరి నీళ్ళు చూసుకుంది. అవి పెద్దగా పెరగలేదు. చెయ్యెత్తి, ఉండండి, దండం పెట్టుకుని వచ్చేస్తున్నా అన్నట్టు ఊపింది.

వంపు తిరిగి వచ్చింది. నీళ్ళలా లేదది. కొండ కదిలినట్టుంది. మట్టి, ఎండు కొమ్మలు, ప్లాస్టిక్ డ్రమ్ములు, తలకాయంత రాళ్ళు ఒకదాన్ని ఒకటి కొట్టుకుంటూ. నావైపుకి రావాలంటే ఆ పాయ దాటాలి. దొడ్డమ్మ పిల్లని చంకనేసుకుని అవతలి ఒడ్డున ఉన్న బండ వైపు పరుగెత్తింది. అంత వయసు మనిషి ఆ బండ ఎలా ఎక్కిందో నాకు ఈనాటికీ తెలియదు. చివర్లో ఒక కాలు నీళ్ళలోకి జారింది, ఆ నీళ్ళు చీర కుచ్చిళ్ళు లాగేశాయి, మోచేతుల మీద పాకింది. నేను దూకబోతే బెంగాలీ మనిషి నా చున్నీతో సహా జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. "మత్ జావో బెహెన్, మత్ జావో!" అతన్ని కొట్టాను, రక్కాను. అతను వదల్లేదు. ఆ చేతులకి దండం పెట్టాలి.

బండ మీద చాప పరిచినంత చోటు. దానికింద వాదీ. దొడ్డమ్మ పిల్ల మొహాన్ని తన పొట్టకి అదుముకుని, పమిట కొంగుతో ఇద్దరినీ కలిపి నడుముకి చుట్టి ముడేసింది. ఆ ముడి నాకు అర్థమైంది. పోతే ఇద్దరం, లేకపోతే లేదు. నీళ్ళు ఆమె పాదాల దాకా వచ్చి, కాస్త తగ్గి, మళ్ళీ వచ్చేవి. హోరులో ఏమీ వినపడలేదు. కానీ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. స్తోత్రాలు చదువుతోందనుకున్నాను. నాకొచ్చిన దేవుళ్ళ పేర్లన్నీ నేనూ చదివాను. మా ఆయనకి ఫోన్ చేసి ఏం చెప్పానో నాకు గుర్తులేదు, నా అరుపులు తప్ప తనకేమీ అర్థం కాలేదట.

ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానూ తగ్గింది. సివిల్ డిఫెన్స్ వాళ్ళు తాళ్ళేసి ఇద్దర్నీ ఇవతలికి తెచ్చారు. పిల్లకి గీతైనా పడలేదు. దొడ్డమ్మ మోకాళ్ళూ మోచేతులూ తోలు లేచిపోయాయి. చిన్న వయసు పోలీసు ఆఫీసరు ఒకతను మమ్మల్ని నిలబెట్టి ఎందుకు దిగారని అడిగాడు. పసుపూ కుంకుమా అని ఏ భాషలో చెప్పను? వీసా పోతుందా, కేసు పెడతారా, మా ఆయన ఉద్యోగం ఏమవుతుందని నా భయం నాది. దొడ్డమ్మే తన వంటింటి అరబీలో చెప్పింది. "హాదా మాయ్... మామా." ఇవి నీళ్ళు, అమ్మ. అతను ఆమెనీ వాదీనీ మార్చి మార్చి చూసి, హిందీలో అన్నాడు: "యే మామా బహుత్ ఖతర్నాక్ హై." ఈ అమ్మ చాలా ప్రమాదమని మందలించి పంపేశాడు.

రెండు రోజులకి ఆమె చెల్లెలి ఫోన్ కలిసింది. అందరూ క్షేమం. నీళ్ళు గుమ్మం దిగిపోయాయట. "నువ్వక్కడ మొక్కేవు గాబట్టే అక్కా!" అందట చెల్లెలు. దొడ్డమ్మ ఫోన్ నాకిచ్చేసింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె మా ఇంటికి రాలేదు. నాకు నిద్రలో కూడా అదే హోరు. పిల్లకి ఎలా ఉంటుందో, నీళ్ళంటే జడుసుకుని స్నానం మానేస్తుందేమోనని నేను కనిపెట్టుకుని ఉన్నాను. ఒక రోజు స్నానాల గదిలోంచి చిన్నీ అరుపులు వినబడి పరుగెత్తాను. బక్కెట్టు ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. "సిగ్గులేదా నీకు? పసిపిల్ల కనబడట్లేదా? పసుపూ కుంకం తిని మీదకొస్తావా, దొంగ మొకమా! ఆగు! ఆగమంటున్నానా!" అని, చెయ్యి చాచి కుళాయి కట్టేసింది. నావైపు తిరిగి, "చూశావా, ఆగింది" అంది.

"ఎవరు నేర్పారే నీకు?"

"దొడ్డమ్మ. ఆ రోజు బండ మీద అలాగే తిట్టింది. అందుకే నీళ్ళు వెళ్ళిపోయాయి."

నేను స్తోత్రాలనుకున్నవి అవి. ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేక గోడకానుకుని నవ్వాను. ఆ నవ్వులోనే ఒళ్ళు చల్లబడిపోయింది. పిల్ల ఆ రోజు ఏమీ చూడలేదు. మొహం దొడ్డమ్మ పొట్టలో ఉంది. ఆమెకి తెలిసిందల్లా ఒక్కటే. నీళ్ళొచ్చాయి, దొడ్డమ్మ తిట్టింది, నీళ్ళు పోయాయి.

ఆ వారమే బీచిలో, మా ఆయన ఐస్‌క్రీమ్ కొనడానికి ఇటు తిరిగేలోపు, అది వేలు చూపించి సముద్రాన్ని తిడుతూ అలల్లోకి నడిచిపోయింది. నడుం దాకా దిగింది. ఆయన చెప్పులతోనే పరుగెత్తి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. కొట్టాం, బతిమాలాం, బొమ్మలు వేసి చెప్పాం. ఆరేళ్ళ పిల్ల. "దొడ్డమ్మ మాట వింది గదా, నా మాట కూడా వింటుంది" అనేది. ముందు సముద్రం, వెనక డ్యామ్, కొండల నిండా వాదీలు ఉన్న ఊళ్ళో, నీళ్ళంటే భయం లేని పిల్లని పెట్టుకుని ఎలా బతకడం? బడికి పంపితే బడిలో ఈతకొలను ఉంది. గుండె చేత్తో పట్టుకుని తిరిగాను.

దొడ్డమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "శుక్రవారం వత్తన్నా. పిల్లని తయారుచేసి ఉంచు" అంది.

డ్యామ్ దగ్గరికే తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. నీళ్ళు నిండా ఉన్నాయి, జనం నిండా ఉన్నారు, పడవలు తిరుగుతున్నాయి. ఆమె మెట్లు దిగలేదు. చెప్పులు విప్పలేదు. రెయిలింగు దగ్గర ఆగి, చిన్నీని ఎదురుగా నిలబెట్టుకుని రెండు భుజాలూ పట్టుకుంది.

"అమ్మా చిన్నీ, ఆ రోజు నేను తిట్టేను గదా?"

"ఊఁ. బాగా తిట్టావ్."

"అది ఇన్లేదే."

చిన్నీ నవ్వింది. "వింది. వెళ్ళిపోయింది గదా."

"ఇన్లేదు తల్లీ. దండం ఎట్టేను, ఇన్లేదు. తిట్టేను, ఇన్లేదు. ఏడిచేను, ఇన్లేదు. దానికి చెవుల్లేవే. మనం బండెక్కేం గాబట్టి బతికేం. బండ లేకపోతే ఇద్దరం చచ్చిపోదుము. నువ్వు చచ్చిపోదువు. మీ అమ్మ అటుపక్క నిలబడి చూసుండును."

అంత మాట పసిదానితో అంటారా అని నేను అడ్డం పోబోయాను. దొడ్డమ్మ మొహం చూసి ఆగిపోయాను. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ మొదటి దోసిలి కళ్ళకద్దుకున్న మనిషి. కొత్త నీటికి రవికెల గుడ్డ పెట్టిన మనిషి. చెల్లెలు ప్రాణాలతో బయటపడితే అదంతా తన మొక్కు ఫలమని లంక లంకంతా చెప్పుకుంటుంటే, కాదని ఈ ఒక్క పిల్ల దగ్గర ఒప్పుకుంటోంది. పిల్ల భుజాలు వదల్లేదు.

చిన్నీ నీళ్ళ వైపు చూసింది. మళ్ళీ దొడ్డమ్మ వైపు చూసింది. చిన్న గొంతుతో, "నువ్వు భయపడ్డావా?" అని అడిగింది.

"ఉచ్చ పోసేసుకున్నానే" అంది దొడ్డమ్మ.

చిన్నీ ఈసారి నవ్వలేదు. రెయిలింగు వదిలి రెండడుగులు వెనక్కి వేసి, ఆమె కాళ్ళకి చుట్టుకుపోయింది. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. చాలా రోజులు బక్కెట్టు నిండుతుంటే గది బయటే నిలబడేది. నేను పిల్లని పట్టుకుని ఏడ్చాను, ఏడుస్తూనే హమ్మయ్య అనుకున్నాను. అలా ఏకకాలంలో రెండూ ఉంటాయని అంతకుముందు నాకు తెలియదు.

దొడ్డమ్మ తర్వాత కూడా దీపం పెట్టేది, ఉపవాసాలుండేది. నీళ్ళని కళ్ళకద్దుకోవడం మాత్రం మానేసింది. ఎందుకని ఒకసారి అడిగాను. మెంతికూర తుంచుతూ చెప్పింది. "గంగమ్మకి మన మీద కోపం లేదమ్మాయ్. అది నాకప్పుడు తెలిసింది. కోపమూ లేదు, ప్రేమా లేదు. అదే నాకు భయం." ఆ మాట నన్ను వదలదు. ఇక్కడ మబ్బు పట్టినప్పుడల్లా, ఫోన్ కుయ్యోమన్నప్పుడల్లా వినబడుతుంది. ఇప్పుడు నేను నవ్వను. వానొస్తే వాదీల దగ్గర గుమిగూడితే జరిమానా అని రూలు పెట్టినప్పుడు, మా తెలుగువాళ్ళ గ్రూపులో అందరూ జోకులేశారు. నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తిట్టాను. తిట్లు ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పక్కర్లేదు.

ఒంట్లో ఓపిక తగ్గి ఆమె మన దేశం వెళ్ళిపోయింది. పెద్ద మామా గుమ్మం దాకా వచ్చి తన ఉంగరం తీసి వేలికి పెట్టిందట. లంకలో సొంత ఇల్లుంది, కానీ అక్కడ ఉండలేదు. ఏటిగట్టుకి ఇవతల, ఊళ్ళో గది అద్దెకి తీసుకుంది. చెల్లెలు తగువు పడింది, ఊళ్ళోవాళ్ళు దుబాయ్ డబ్బు ఎక్కువైందన్నారు. ఆమె ఎవరికీ కారణం చెప్పలేదు.

వీడియో కాల్ చేస్తే, అందరిలా పిల్లని తిన్నావా, చదువుకుంటున్నావా అని అడిగేది కాదు.

"భయం ఉందా ఇంకా?" అనేది.

"ఉంది దొడ్డమ్మా."

"ఉంచుకో తల్లీ."

ఎంతమంది పెద్దవాళ్ళు నాకు ధైర్యం చెప్పారో లెక్కలేదు. భయం ఇచ్చి, దాన్ని దాచుకోమని చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే. మా పిల్ల ఈ రోజు నా కళ్ళ ముందు తిరుగుతోందంటే ఆ బండా, ఆ కొంగు ముడీ మాత్రమే కాదు, ఆ తర్వాత రెయిలింగు దగ్గర ఆమె తన నోటితో అన్న మాట కూడా కారణం. దానికి ఆమె ఏం పోగొట్టుకుందో నాకు తెలుసు. తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు.

ఆ రోజు బడి నుంచి వచ్చాక చిన్నీకి చెప్పాను. సంచి దించకుండానే అడిగింది. "నీళ్ళలోనా?"

"కాదమ్మా. మంచం మీద. కాఫీ తాగి పడుకుంది."

"హమ్మయ్య" అంది. ఆ తర్వాత సంచి దించి, నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

మొన్న దాని స్నేహితురాలి పుట్టినరోజు. వేడుక డ్యామ్ దగ్గరే. వద్దంటుందనుకున్నాను, వస్తానంది. ఆ వాన తర్వాత ఏ పడవా ఎక్కని పిల్ల, మెట్లు దిగి వరసలో నిలబడింది. లైఫ్ జాకెట్ పట్టీలు తనే బిగించుకుంది, బిగిశాయో లేదో లాగి చూసుకుంది. ఎక్కేముందు తలెత్తి లోపలి కొండల మీద ఆకాశం చూసింది. పడవ కదిలింది. నేను ఒడ్డున రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళ మధ్యకి వెళ్ళగానే పిల్లలంతా అంచుమీంచి వంగి చేతులు నీళ్ళలో పెట్టారు, ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ కేరింతలు కొడుతున్నారు. ఏం కాదు తల్లీ, ఒక్కసారి ముట్టుకో అని అరవాలనిపించింది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. అంత గోలలో, మా అమ్మాయి ఒక్కతే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తిన్నగా కూర్చుంది.